మోపులో పుల్లలు

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా వచ్చారు, సంతోషం. వెనక వరసలో వినపడకపోతే చెయ్యెత్తండి. ఈ మైకుకీ నాకూ మొదట్నుంచీ పడదు.

మీకు ఫోన్లలో పంపిన ఆహ్వానంలో ‘నియంత పార్టీలో అసమ్మతి’ అని పెద్ద పేరు పెట్టారు. నేను చెప్పబోయేది అంత పెద్దది కాదు. ఒక కాగితం కథ. ఆ కాగితం మీద పంతొమ్మిది మంది ‘అవును’ అన్నారు. ఆ పంతొమ్మిది మందిలో ఐదుగురిని ఆరు నెలలు తిరక్కుండానే కుర్చీలకు కట్టి వెనక నుంచి కాల్చి చంపారు. కాల్చమన్నది శత్రువులు కాదు, వాళ్ళ పార్టీయే. ఆ ఐదుగురిలో ఒకడు నాయకుడి సొంత అల్లుడు.

1943 జూలై 24, శనివారం. రోమ్‌లో పలాత్సో వెనేత్సియా అనే పాత భవనం. ఇటలీ నియంత ముసోలినీ కార్యాలయం అక్కడే. మన గాంధీగారు 1931 డిసెంబరులో రెండో రౌండ్ టేబుల్ సమావేశం నుంచి తిరిగొస్తూ ముసోలినీని కలిసింది కూడా ఆ భవనంలోనే. సాయంత్రం ఐదు దాటాక అక్కడ ‘చిలక గది’ అని పిలిచే హాల్లో ఫాసిస్టు గ్రాండ్ కౌన్సిల్, అంటే ముసోలినీ పార్టీ పెద్దల సభ, కూర్చుంది. ఎండాకాలం, అందరికీ నల్ల యూనిఫాం. బయట ముంగిట్లో ఆయుధాలతో మిలీషియా, అంటే పార్టీ సొంత దళం వాళ్ళు. ఓటు వేసినవాళ్ళు ఇరవై ఎనిమిది మంది. అర్ధరాత్రి దాటి రెండున్నర దాకా సాగింది. స్టెనోగ్రాఫర్ లేడు. అందుకే ఆ రాత్రి ఎవరు ఏ మాట అన్నారనేదానికి ఎవరి జ్ఞాపకం వాళ్ళది. బతికి బయటపడ్డ ప్రతివాడూ తన పాత్రను కాస్త పెంచే రాసుకున్నాడు. నేను చెప్పేటప్పుడు ఆ జాగ్రత్త మీరూ పెట్టుకోండి.

కాగితం రాసినవాడు డీనో గ్రాండీ. అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. విదేశాంగ మంత్రిగా చేశాడు, ఏడేళ్ళు లండన్‌లో రాయబారిగా ఉన్నాడు, న్యాయశాఖ చూశాడు. ఆ తీర్మానాన్ని చదివినవాళ్ళు మొదట తికమక పడతారు. ఎందుకంటే ముసోలినీ దిగిపోవాలని అందులో ఎక్కడా లేదు. మొదట సిసిలీలో పోరాడుతున్న వీరజవాన్లకు వందనాలు. తర్వాత జాతి ఐక్యత, స్వాతంత్ర్యం. తర్వాత, రాజుగారు, గ్రాండ్ కౌన్సిల్, ప్రభుత్వం, పార్లమెంటు, కార్పొరేషన్లు అనే వృత్తులవారీ రాజ్య సంస్థలు, ఎవరికి చట్టం ఇచ్చిన పని వాళ్ళు చెయ్యాలి. చివర్లో, ప్రభుత్వాధినేత వెళ్ళి రాజుగారిని ప్రార్థించాలి: అయ్యా, రాజ్యాంగ శాసనం ఐదో అధికరణం ప్రకారం సైన్యాల నాయకత్వం తమరు చేపట్టండి, నిర్ణయాల్లో సర్వోన్నత చొరవ తమరే తీసుకోండి, అని. అంతే.

అంటే ఏమిటి? నీ చేతిలో ఉన్న తాళాల గుత్తి నువ్వే తీసుకెళ్ళి పెద్దాయన చేతికివ్వు అని అల్లుళ్ళూ తమ్ముళ్ళూ కలిసి చాలా మర్యాదగా కాగితం రాసిచ్చినట్టు. ఒక్క దూషణ లేదు. ఆ మర్యాదలోనే విషమంతా ఉంది. ఇరవై ఏళ్ళు పార్టీలో ఉన్నవాడికి భక్తి భాష తప్ప వేరే భాష రాదు. తిరుగుబాటు చెయ్యాలన్నా ఆ భాషలోనే చెయ్యాలి.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. ఫాషో అంటే ఇటాలియన్‌లో మోపు. కట్టెల మోపు. పార్టీ గుర్తు కూడా అదే, కట్టెల మధ్య గొడ్డలి. మన చిన్నప్పుడు తండ్రి కొడుకులకి పుల్లల మోపు విరవమని ఇచ్చే కథ చదువుకున్నాం కదా, ఐకమత్యం మహాబలం అని. ఆ కథలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మోపులో ఉన్న పుల్లలు ఒకదాన్నొకటి ఎంత ఒరుసుకుంటున్నాయి? కట్టిన తాడు ఎంత బిగుతుగా ఉంటే లోపలి రాపిడి అంత ఎక్కువ.

ఫాసిస్టు పార్టీ పుట్టినప్పుడు అది ఒక నాయకుడి పార్టీ కాదు. ఊరికో పాలెగాడు. వాళ్ళని ‘రాస్’లు అనేవాళ్ళు, ఇథియోపియాలో సామంత ప్రభువుల పేరది. బొలోన్యాలో గ్రాండీ, ఫెర్రారాలో బాల్బో, క్రెమోనాలో ఫారినాచ్చి. చేతిలో ముఠా, వెనక భూస్వాముల డబ్బు, ముందు రైతుకూలీ సంఘాల ఆఫీసులు తగలబెట్టడం. 1921 ఆగస్టులో ముసోలినీ సోషలిస్టులతో ఒక శాంతి ఒప్పందం సంతకం పెడితే ఈ పాలెగాళ్ళందరూ ఎదురు తిరిగారు. మా బతుకుతెరువే కొట్లాట, నువ్వు రాజీ పడితే మేమెక్కడికి పోవాలి అని. గ్రాండీ, బాల్బో కలిసి కవి దాన్నున్‌త్సియో దగ్గరికి వెళ్ళి, మాకు నువ్వు నాయకుడివి కమ్మని అడిగారు కూడా. ఆయన తేల్చలేదు. ముసోలినీ కార్యవర్గం నుంచి రాజీనామా చేశాడు. మూడు నెలలకి ఒప్పందం చెత్తబుట్టలో పడింది, ముసోలినీ మళ్ళీ నాయకుడయ్యాడు.

గమనించండి, పార్టీలో మొట్టమొదటి పెద్ద అసమ్మతి ఇది. దేనికోసం? ఇంకా ఎక్కువ కొట్టనివ్వమని. ‘అసమ్మతి’ అన్న మాట వినగానే మనకు ఒక మంచి మనిషి బొమ్మ కళ్ళముందు కడుతుంది. ఆ బొమ్మని కాసేపు పక్కన పెట్టండి. 1924 జూన్‌లో సోషలిస్టు ఎంపీ మాత్తెయొత్తిని ఎత్తుకెళ్ళి చంపాక ముసోలినీ ఆరు నెలలు ఊగిసలాడాడు. ఆ డిసెంబరు 31న మిలీషియా అధికారులు ముప్పై మందికి పైగా ఆయన గదిలోకి చొరబడి, ఇక తేల్చు, లేకపోతే మేమే తేలుస్తాం అని నిలదీశారు. 1925 జనవరి 3న పార్లమెంటులో జరిగిందానికంతటికీ బాధ్యత నాదేనని గర్వంగా ప్రకటించాడు. బాహాటమైన నియంతృత్వం ఆ రోజు నుంచే లెక్క. అంటే, నియంతని నియంతగా మార్చిన వాటిలో సొంత పార్టీ అసమ్మతి కూడా ఒకటి.

ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. ఈ దౌర్జన్యాలు చాలు, ఇప్పుడు ప్రభుత్వం మనదే కదా, చట్టప్రకారం నడుద్దాం అన్నవాళ్ళు. పెరూజా నుంచి వచ్చిన మిసూరి అనే సభ్యుడు 1923 మే 29న పార్లమెంటులో లేచి, పార్టీ పద్ధతుల్ని విమర్శిస్తూ మాట్లాడాడు. సాయంత్రం రోమ్ వీధిలో సొంత పార్టీ వాళ్ళే పట్టుకుని చితకబాదారు. ఉదయం ఉపన్యాసం, సాయంత్రానికి సమాధానం. లోమెల్లీనా ప్రాంతపు పాత పాలెగాడు చేసరే ఫోర్ని ఉన్నాడు. తన చేత్తో ఎంతో మందిని కొట్టించినవాడే. 1924 ఎన్నికల్లో విడిగా అసమ్మతి జాబితా పెట్టి పోటీకి దిగితే మిలాన్ రైల్వే స్టేషన్లో తలా చేతులూ పగలగొట్టారు. తనకు తెలిసిన విద్యే, తన మీద. మాస్సీమో రోక్కా అని మరొకాయన, రాస్‌ల పెత్తనం మీద పత్రికల్లో వ్యాసాలు రాశాడు. బహిష్కరించారు, ముసోలినీ వెనక్కి తెచ్చాడు, మళ్ళీ ఏడాదిలోపే బహిష్కరించారు.

1926లో కొత్త నియమావళి వచ్చింది. పార్టీలో కింది నుంచి ఎన్నికలు రద్దు. పదవులన్నీ పై నుంచి నియామకాలే. అక్కడితో పార్టీలో చర్చ అన్నది కాగితం మీద కూడా లేకుండా పోయింది. మరి అసమ్మతి పోయిందా? పోదు. గోడ కడితే నీళ్ళు ఆగవు, పక్కనించి పారతాయి. దర్బారు రాజకీయంలోకి పారాయి. నేను పాతికేళ్ళ పైన పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో స్టాఫ్ మీటింగులు గుర్తొస్తాయి. తీర్మానం చదవగానే అందరూ చేతులెత్తేవాళ్ళం. నేనూ ఎత్తేవాణ్ణి. తర్వాత కాంటీన్లో టీ గ్లాసు పట్టుకుని అరగంట పాటు ఆ తీర్మానం ఎందుకు తప్పో చెప్పుకునేవాళ్ళం. (నవ్వులు) నవ్వకండి, మీరూ ఎత్తుంటారు. ఇటలీలో ఆ కాంటీన్ దేశమంతటి పెద్దది.

ఆ కాలపు జోకు ఒకటి చెప్తాను. పార్టీ పేరు పొడి అక్షరాల్లో పి.ఎన్.ఎఫ్. ఉద్యోగం రావాలన్నా నిలవాలన్నా ఆ పార్టీ కార్డు కావాలి. జనం ఆ మూడక్షరాలకి కొత్త అర్థం చెప్పుకున్నారు: ‘పేర్ నెచెస్సితా ఫమిల్యారే’, అంటే కుటుంబ అవసరాల నిమిత్తం. పార్టీ కార్యదర్శి స్తారాచే పరిపాలనంతా వేషభాషల మీదే ఉండేది. కరచాలనం వద్దు, చెయ్యి చాచి వందనం చెయ్యండి. 1938లో మాట్లాడే పద్ధతి మీద కూడా పడ్డాడు. మర్యాదగా అనే ‘లేయ్’ మానేసి ‘వోయ్’ అనాలట. మనకి ఎవరైనా జీవో ఇచ్చి ఇకపై ‘తమరు’ అనొద్దు, ‘మీరు’ అనే అనాలి అన్నారనుకోండి, అలా. కరచాలనం మీద నిషేధాన్ని తలుపులు వేసుకున్నాక పార్టీ పెద్దలే పాటించేవాళ్ళు కారు.

పై స్థాయిలో ఎదురు మాట్లాడినవాళ్ళని ముసోలినీ ఎలా చూసుకున్నాడు? అందర్నీ చంపలేదు. ఇందులో ఆయన హిట్లర్ కన్నా లౌక్యం తెలిసినవాడు. ఒక్కొక్కరికి ఒక్కో మందు. బాల్బో విమానాల దండుతో అట్లాంటిక్ దాటి 1933లో షికాగో వెళ్ళొచ్చాడు, జనంలో పేరు మోగిపోయింది. వెంటనే లిబియాకి గవర్నర్‌గా పంపాడు. పెద్ద పదవే, కానీ సముద్రం అవతల. గ్రాండీ విదేశాంగ మంత్రిగా నానాజాతి సమితితో మరీ మెత్తగా ఉంటున్నాడనిపించి లండన్‌కి పంపాడు. అర్పినాతి మాత్రం వేరే జాతి. బొలోన్యా మనిషి, ఒకప్పుడు అరాచకవాది, హోం శాఖలో ముసోలినీ తర్వాత ఆయనే. స్తారాచేతో పడక, మొహం మీదే మాట్లాడితే 1933లో పదవి పోయింది. మరుసటి ఏడు పార్టీ నుంచి వెలి, తర్వాత లిపారి ద్వీపంలో ప్రవాసం. అదే ద్వీపానికి ఆయన శాఖే కొద్దికాలం ముందు దాకా కమ్యూనిస్టుల్నీ సోషలిస్టుల్నీ పంపింది.

ఈ పద్ధతికి వాళ్ళు ‘కావలి మార్పు’ అని సైన్యం మాట పెట్టుకున్నారు. మంత్రుల్ని గుంపుగా మార్చేవాడు. నా మంత్రి పదవి పోయిందట కదా అని పత్రికలో చదువుకుని తెలుసుకున్నవాళ్ళున్నారు. ఇలా తిప్పుతూ ఉంటే ఎవరికీ సొంత బలం పెరగదు, అందరికీ ఆశ మిగిలి ఉంటుంది. ఈసారి పోయింది, వచ్చేసారి రావచ్చు. ఆ ‘రావచ్చు’ అన్న మాటే ఇరవై ఏళ్ళు వీళ్ళ నోళ్ళు కట్టేసింది, లాఠీ కంటే గట్టిగా.

బొత్తాయ్ సంగతి వేరుగా చెప్పాలి. జుసెప్పె బొత్తాయ్ చదువుకున్నవాడు. ఇరవై ఏళ్ళు ‘ఫాసిస్టు విమర్శ’ అనే అర్థమొచ్చే పేరుతో పత్రిక నడిపాడు. యువకులకి కొంచెం ఊపిరాడే చోటు ఇచ్చాడు. పార్టీలో మేధావి, ఉదారుడు అని ఇప్పటికీ కొందరు రాస్తారు. సరే. 1938లో ఈ ఉదారుడు విద్యామంత్రి. సెప్టెంబరులో యూదు పిల్లల్నీ యూదు టీచర్లనీ బళ్ళలోంచి తీసెయ్యమని ఉత్తర్వు. ఆ అక్టోబరులో గ్రాండ్ కౌన్సిల్లో జాతి చట్టాల చర్చ వస్తే బాల్బో, దె బోనో, ఫెదెర్‌త్సోని కాస్త మెత్తబరచాలని చూశారు. పొరపాటున కూడా వెనక్కి తగ్గొద్దని పట్టుబట్టినవాళ్ళలో బొత్తాయ్ ముందున్నాడు. జర్మనీ అంటే పడని బాల్బో, మొరటు మనిషి, ఆ రోజు ఒక మాట అడ్డం వేశాడు. సంస్కారవంతుడైన బొత్తాయ్ వెయ్యలేదు. నాకు ఈ ఒక్క సమావేశం మిగతావాటన్నిటి కంటే ఎక్కువ చెప్తుంది. అయితే బాల్బో కూడా ఏం చేశాడు? గొణిగాడు, లిబియా తిరిగెళ్ళాడు. 1940 జూన్ 28న తోబ్రుక్ మీద ఆయన విమానాన్ని సొంత ఇటాలియన్ ఫిరంగులే పొరపాటున కూల్చేశాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ గ్రాండ్ కౌన్సిల్ ఎందుకు పుట్టింది? మొదట అది పార్టీ పెద్దల కూటమి. 1928 డిసెంబరులో చట్టం చేసి దాన్ని రాజ్య సంస్థగా మార్చారు. సింహాసనానికి వారసుడెవరనే విషయంలో కూడా దాన్ని సంప్రదించాలి అని చట్టంలో పెట్టారు. ఎందుకు? రాజు విక్తర్ ఇమ్మాన్యుయేల్ మెడ మీద కత్తి వేలాడదియ్యడానికి. నీ కొడుకు రాజు కావాలా వద్దా అనేదాంట్లో మా మాట కూడా ఉంటుంది సుమా అని. ఆ పని అయిపోయాక ముసోలినీ దాన్ని అలంకారంగా గోడకి తగిలించాడు. 1939 డిసెంబరు తర్వాత మూడున్నరేళ్ళు సమావేశమే లేదు. 1940 జూన్‌లో యుద్ధంలోకి దిగేటప్పుడు కూడా దాన్ని పిలవలేదు. కానీ చట్టం పుస్తకంలో చట్టం అలాగే ఉంది. గోడకి తగిలించిన కత్తికి కూడా పదునుంటుంది.

1943కి వద్దాం. మేలో ట్యునీసియా పోయింది. జూలై 10న మిత్రరాజ్యాల సైన్యాలు సిసిలీలో దిగాయి. జూలై 19న, ముసోలినీ ఫెల్త్రే దగ్గర హిట్లర్ ఉపన్యాసం వింటూ కూర్చున్న సమయానికే, రోమ్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. సాన్ లొరెన్‌త్సో అనే కూలీల పేట నేలమట్టం. అంతకు ముందు మార్చిలో టూరిన్ ఫియట్ ఫ్యాక్టరీలో మొదలై మిలాన్ దాకా లక్షకు పైగా కార్మికులు సమ్మె కట్టారు. ఇరవై ఏళ్ళ ఫాసిజంలో అలాంటిది లేదు. పైనున్న పెద్దలు ఆ రాత్రి ధైర్యం తెచ్చుకున్నారని పుస్తకాలు రాస్తాయి. ఆ ధైర్యం అప్పు తెచ్చుకున్నది ఆ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర్నుంచి. ఇంకోటి కూడా ఉంది. ఆ ఫిబ్రవరిలో జరిగిన కావలి మార్పులో గ్రాండీ, బొత్తాయ్, ముసోలినీ అల్లుడు చానో ముగ్గురి మంత్రి పదవులూ ఒకేసారి పోయాయి. గ్రాండీకి సభాపతి కుర్చీ మాత్రం మిగిలింది. కుర్చీ పోయాక కళ్ళు తెరుచుకోవడం మనం ఎరగని సంగతేం కాదు.

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? గ్రాండీ తెలివి ఇక్కడ చూడాలి. జూన్ మొదట్లోనే రాజుని కలిశాడు. నాకొక రాజ్యాంగ ఆధారం ఇవ్వండి, పార్లమెంటు ఓటో గ్రాండ్ కౌన్సిల్ ఓటో, అని రాజు అన్నట్టు గ్రాండీ తర్వాత రాసుకున్నాడు. మరోపక్క రాజు, సైన్యాధికారులు తమ పథకం తాము వేసుకుంటూనే ఉన్నారు. గ్రాండీకి ఆ వివరం తెలీదు. ఇంకా విచిత్రం, తీర్మానం కాగితాన్ని గ్రాండీ సమావేశానికి రెండ్రోజుల ముందే ముసోలినీకి చూపించాడు. దొంగచాటు కుట్ర కాదు. ముసోలినీ చదివాడు, ఏమీ చెయ్యలేదు. చెయ్యదలుచుకుంటే అరగంట పని. ఎందుకు ఊరుకున్నాడు? ఒంట్లో బాగోలేదని కొందరంటారు. నేననేది, ఆయనకి వీళ్ళు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా చేతులెత్తినవాళ్ళు. ఆ రాత్రికీ ఎత్తుతారనే అనుకున్నాడు.

గ్రాండీ మాత్రం వీలునామా రాసి, పాపనివేదన చేసుకుని, చేతిబాంబులు వెంట పెట్టుకుని వెళ్ళానని చెప్పుకున్నాడు. బాంబుల సంగతి ఆయన నోటి మాటే.

ముందు ముసోలినీ రెండు గంటల దాకా మాట్లాడాడు. యుద్ధం ఎందుకు ఓడిపోతున్నాం, తప్పంతా సేనాపతులది. ముసలి దె బోనో, ఆయనే ఒకప్పటి సేనాపతి, సైన్యాన్ని వెనకేసుకొచ్చాడు. తర్వాత గ్రాండీ లేచాడు. యుద్ధానికి ముసోలినీని ఎదురుగా తప్పుపట్టాడు. చానో మామగారి ఎదురుగా జర్మన్లు మనకి ఎన్నిసార్లు చెప్పకుండా చేశారో తారీఖులతో సహా ఏకరువు పెట్టాడు. ఆ ఫిబ్రవరి దాకా విదేశాంగ మంత్రి కదా, కాగితాలన్నీ తెలుసు. ఫారినాచ్చి మాత్రం తన తీర్మానం తాను తెచ్చుకున్నాడు. జర్మనీతో చివరిదాకా ఉందాం అని. అర్ధరాత్రి దగ్గర పడుతుంటే ముసోలినీ, నాకు నీరసంగా ఉంది, రేపటికి వాయిదా వేద్దాం అన్నాడు. గ్రాండీ ఒప్పుకోలేదు. కాసేపు విరామం మాత్రం ఇచ్చారు. ఆ విరామంలో గ్రాండీ కాగితం మీద సంతకాలు ఇంకొన్ని పడ్డాయి. నియంతల చరిత్రలో వాయిదా వెయ్యనివ్వకపోవడం కంటే పెద్ద సాహసం లేదని నేనంటే అతిశయోక్తి అనుకోకండి. వాయిదా పడుంటే తెల్లారేసరికి సగం మంది ‘నాకు జ్వరం’ అని కబురంపేవాళ్ళు.

ఓటింగ్ చేతులెత్తి కాదు. పార్టీ కార్యదర్శి స్కోర్జా ఒక్కొక్కరి పేరు చదివాడు, ఒక్కొక్కరు గొంతుతో చెప్పాలి. పంతొమ్మిది ‘అవును’, ఏడు ‘కాదు’. ఒకాయన, సువార్దో, ఓటెయ్యలేదు. ఫారినాచ్చి తన తీర్మానానికే తాను ఓటేసుకున్నాడు. పాలనలో సంక్షోభం మీరే తెచ్చారు, సభ ముగిసింది, అన్నాడు ముసోలినీ. స్కోర్జా అలవాటు కొద్దీ ‘దూచేకి వందనం’, అంటే నాయకుడికి వందనం, అని అరవబోయాడు. ముసోలినీ చెయ్యి అడ్డం పెట్టి, అక్కర్లేదు, మీకు ఆ శ్రమ తప్పిస్తున్నాను అన్నాడట.

పొద్దున్నే ఏమీ జరగనట్టు ఆఫీసుకి వెళ్ళాడు. జపాన్ రాయబారిని కలిశాడు. బాంబులు పడ్డ సాన్ లొరెన్‌త్సో చూసొచ్చాడు. గ్రాండ్ కౌన్సిల్ సలహా ఇచ్చే సంస్థే కదా, దాని ఓటుకి విలువ లేదని రాజుకి చెప్పి వద్దామని సాయంత్రం ఐదింటికి బయల్దేరాడు. రమ్మన్నది మామూలు బట్టల్లో. ఇరవై నిమిషాల మాట. బయటికొచ్చేసరికి కార్లోకి కాదు, ఆంబులెన్స్‌లోకి ఎక్కించారు. తన భద్రత కోసమేనని చెప్పారు. రాత్రి పదీ నలభై ఐదుకి రేడియోలో ప్రకటన: రాజుగారు ముసోలినీ రాజీనామాను ఆమోదించారు, మార్షల్ బాదోల్యో ప్రధాని, యుద్ధం కొనసాగుతుంది.

ఇప్పుడు ఆ మోపు సంగతి చూడండి. నలభై లక్షలకు పైగా సభ్యులున్న పార్టీ. మిలీషియా ఉంది, తుపాకులున్నాయి. ఒక్కడు వీధిలోకి రాలేదు. వార్తాసంస్థ స్తెఫాని అధ్యక్షుడు మోర్గాన్యి ఇంట్లో తనను తాను కాల్చుకుని చనిపోయాడు, చెప్పుకోవాల్సినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళు కోటు మీది బిళ్ళలు తీసి పారేశారు. పొద్దున రోమ్ వీధులు ఆ బిళ్ళలతో నిండిపోయాయంటారు. కుటుంబ అవసరం తీరిపోయింది మరి.

కానీ పంతొమ్మిది మంది అనుకున్నది ఇది కాదు. తమతో సహా ఒక కొత్త ప్రభుత్వం వస్తుందనుకున్నారు. రాజు వాళ్ళ కాగితం తీసుకుని వాళ్ళని అవతల పడేశాడు. ఆ వారంలోనే పార్టీ రద్దు. గ్రాండీ పోర్చుగల్ చేరాడు. బొత్తాయ్ దాక్కుని, తర్వాత పేరు మార్చుకుని ఫ్రెంచి విదేశీ దళంలో మామూలు సిపాయిగా చేరి జర్మన్ల మీద యుద్ధం చేశాడు. ఆయన రుణం తీర్చుకున్నాడని కొందరంటారు. బళ్ళలోంచి గెంటించుకున్న పిల్లల లెక్క అందులో ఎవరు చూస్తారో నాకైతే తెలీదు.

సెప్టెంబరు 12న జర్మన్లు ముసోలినీని పర్వతం మీది హోటల్ నుంచి విడిపించి తీసుకెళ్ళారు. ఉత్తరాన ఒక బొమ్మ రిపబ్లిక్ పెట్టారు. 1944 జనవరి 8 నుంచి మూడు రోజులు వెరోనా కోటలో ఆ పంతొమ్మిది మంది మీద విచారణ. చేతికి చిక్కింది ఆరుగురు. మిగతా పదముగ్గురికి పరోక్షంలో మరణశిక్ష. చిక్కిన ఆరుగురిలో తుల్లియో చానెత్తి అని ఒకాయన, ఆ రాత్రి ‘అవును’ అని ఇంటికెళ్ళి, నిద్రపట్టక, తెల్లారేసరికి నా ఓటు వెనక్కి తీసుకుంటున్నానని ముసోలినీకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఆయన ప్రాణం కాపాడింది. ముప్పై ఏళ్ళ జైలుతో సరిపెట్టారు. మిగతా ఐదుగురిని జనవరి 11 ఉదయం సాన్ ప్రోకొలో కోట దగ్గర మడత కుర్చీల్లో కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టి కాల్చారు. దె బోనోకి డెబ్బై ఏడేళ్ళు, 1922లో రోమ్ మీదికి దండు నడిపిన నలుగురు సారథుల్లో ఒకడు. చానో ఆఖరి క్షణంలో తల తిప్పి తుపాకుల వైపు చూశాడు.

ముసోలినీ కూతురు ఎద్దా భర్త డైరీల్ని ఎరగా చూపి జర్మన్లతో బేరమాడింది. మీరు ఆయన్ని వదలండి, అవి మీ చేతిలో పెడతాను అని. బేరం కుదరలేదు. ఆ డైరీల్ని బట్టల కింద కట్టుకుని రెండు రోజుల ముందే స్విట్జర్లాండ్ సరిహద్దు దాటింది. ఇవాళ మనం చానో గురించి చెప్పుకునేదాంట్లో చాలా భాగం అలా నడుముకి కట్టుకుని తెచ్చినదే. తండ్రితో ఆవిడ చాలాకాలం మాట్లాడలేదు. మన ఇళ్ళల్లో అల్లుడి మీద కోపమొస్తే పండక్కి పిలవడం మానేస్తారు.

సరే, ఏదో ప్రశ్న ఉన్నట్టుంది. చెప్పండమ్మా.

(ప్రశ్న: జర్మనీలో ఇలా ఎందుకు జరగలేదు?)

మంచి ప్రశ్న. రెండు ముక్కల్లో చెప్తాను. జర్మనీలో అసమ్మతి లేకకాదు. 1934 జూన్ 30న హిట్లర్ తన పాత మిత్రుడు ర్యోమ్‌నీ, పాత సహచరుడు గ్రెగర్ స్ట్రాసర్‌నీ, ఇంకా ఎంతో మందినీ రెండు మూడు రోజుల్లో చంపించాడు. ఆ ఆగస్టులో అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పోయాడు, ఆ పదవి కూడా తానే తీసుకున్నాడు. ఇక దేశంలో ఆయన పైన ఎవరూ లేరు. పార్టీకి ఒక సెనేట్ పెడతామని మ్యూనిక్‌లో హాలు, కుర్చీలు కూడా సిద్ధం చేశారు, ఎన్నడూ కూర్చోబెట్టలేదు. ఓటెయ్యడానికి బల్ల లేదు, ఓటు తీసుకెళ్ళి ఇవ్వడానికి గుమ్మం లేదు. అందుకే అక్కడి అసమ్మతి చివరికి 1944 జూలైలో బాంబు రూపంలో వచ్చింది, అదీ ఎక్కువగా సైన్యం నుంచి. ఇటలీలో ముసోలినీ రాజుని తీసెయ్యలేదు, కౌన్సిల్‌నీ తీసెయ్యలేదు. బల్లా గుమ్మం రెండూ మిగిలాయి.

వెనకాయన, అడగండి.

(ప్రశ్న: ఆ పంతొమ్మిది మందిలో మీ దృష్టిలో ఎవరు నిజాయితీపరులు?)

నేను ఆ లెక్క వెయ్యలేనండీ. ఒక్కరి గురించి చెప్తాను. వెరోనాలో చనిపోయిన ఐదుగురిలో మారినెల్లి అనే ఆయన ఉన్నాడు. చాలాకాలం పార్టీ డబ్బు సంచి ఆయన చేతిలో ఉండేది. చెవులు సరిగా వినపడవు. ఆ రాత్రి చర్చ నాకు సరిగా వినపడలేదని కోర్టులో చెప్పుకున్నాడు. 1924లో మాత్తెయొత్తి హత్య వెనక ఉన్నవాళ్ళలో ఆయనొకడు. ఆ కేసులో అరెస్టయి, ఏడాదిన్నరకి క్షమాభిక్షతో బయటపడి, మళ్ళీ పార్టీ పదవుల్లో కూర్చున్నాడు. ఆయన్ని కుర్చీకి కట్టింది ఆ హత్యకి కాదు, ఆ రాత్రి అన్న ఒక్క ‘అవును’కి.